ఒక రొయ్యల షెడ్డుకు అయిదు కోర్టులు

భీమవరం పక్కన ఒక రొయ్యల ప్రాసెసింగ్ షెడ్డు ఉందనుకుందాం. శుద్ధి చేయని మురుగునీటిని డ్రెయిన్లోకి వదులుతోందని పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) ఒక శుక్రవారం సాయంత్రం మూసివేత ఉత్తర్వు ఇచ్చింది. కరెంటు తీసేయమని విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు నకలు వెళ్లింది. శనివారం పొద్దుటికి కోల్డ్‌స్టోరేజీ జనరేటరు మీద నడుస్తోంది. ఆ వారం వెళ్లాల్సిన కంటైనరు వెళ్లలేదు, కొనుగోలుదారు నష్టపరిహారం అడుగుతున్నాడు. చెరువు రైతులకు ఇచ్చిన చెక్కులు తిరిగొచ్చాయి. మూడు నెలలు కిస్తీ కట్టకపోయేసరికి బ్యాంకు ఆ ఖాతాను మొండిబాకీల్లో వేసింది. డ్రెయిన్ దిగువన దాళ్వా వేసిన రైతులు చేలు పాడయ్యాయంటూ ఇంకో లాయరు గుమ్మం ఎక్కారు.

జరిగింది ఒక్కటే సంఘటన. వెళ్లాల్సిన గుమ్మాలు మాత్రం అయిదు. మూసివేత ఉత్తర్వు మీద అప్పీలు, దిగువ రైతుల పరిహారం దరఖాస్తు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి పోతాయి. కొనుగోలుదారుతో తగాదా వాణిజ్య కోర్టుకో, ఒప్పందంలో షరతు ఉంటే కోర్టు బయటి తీర్పరి (ఆర్బిట్రేటరు) దగ్గరికో వెళ్తుంది. చెక్కుల కేసు మేజిస్ట్రేటుది, బ్యాంకు గొడవ విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రిబ్యునల్ డీఆర్‌టీది. వీటిలో దేనికీ లొంగని ప్రశ్న మిగిలితే అమరావతిలో హైకోర్టు రిట్టు ఉంది. ఒక్కో గుమ్మానికి గడువు వేరు, ఫీజు వేరు, సాక్ష్యం తూచే తక్కెడ వేరు.

లా కాలేజీ సిలబస్‌లో పర్యావరణ చట్టం ఒక పేపరు, వాణిజ్య చట్టం ఇంకో పేపరు. గోదావరి డెల్టాలో ఆ గీత నిలవదు. వరి, రొయ్య, చేప, ఇసుక, గ్యాస్ అన్నీ ఒకే నీటి మీద బతుకుతున్నాయి కనుక నీటి తగాదా నాలుగు రోజుల్లో డబ్బు తగాదా అవుతుంది. అందుకే ఇక్కడ ఈ రెండు రంగాల్లో నిలబడాలనుకునే లాయరు మొదట అలవరచుకోవాల్సింది ఒక జాగ్రత్త: ఒక కోర్టు కోసం రాసిన వాక్యాన్ని మిగతా నాలుగు చోట్లా చదువుతారు. పైన చెప్పిన షెడ్డు యజమాని పీసీబీ నోటీసుకు జవాబిస్తూ, ‘శుద్ధి ప్లాంటు రెండు నెలలుగా పనిచేయడం లేదు, నెలలో బాగుచేయిస్తాం’ అని వినయంగా రాశాడనుకోండి. పీసీబీ దగ్గర అది మంచి జవాబే, గడువు దొరకవచ్చు. కానీ సరుకు పంపలేకపోవడానికి ప్రభుత్వ ఉత్తర్వే కారణమని, ఒప్పందం చట్టం 56వ సెక్షన్ కింద బాధ్యత తీరిపోయిందని వాణిజ్య కోర్టులో వాదించబోతే ఎదుటి లాయరు ఆ కాగితాన్నే బయటికి తీస్తాడు. తన తప్పువల్ల తెచ్చుకున్న అడ్డంకి ఆ సెక్షన్ కిందికి రాదు. దిగువ రైతుల పరిహారం కేసులో అదే కాగితం ఒప్పుకోలుగా నిలబడుతుంది. జవాబు అబద్ధం కాకూడదు, నిజమంతా పూసగుచ్చినట్టు చెప్పనూ అక్కర్లేదు. ఆ మధ్య ఉన్న సన్నటి గట్టు మీద నడవడమే డ్రాఫ్టింగు.

గడువుల లెక్క

ఈ రంగంలో వాదన బాగోక ఓడిన కేసులకంటే తేదీ దాటి పోయిన కేసులే ఎక్కువ. హరిత ట్రిబ్యునల్ చట్టం 2010లో వచ్చింది. దాని 14వ సెక్షన్ కింద దరఖాస్తుకు 6 నెలలు, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఆ తర్వాత ఒక్క రోజు ఆలస్యాన్ని మన్నించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు లేదు. ఇందులో తిరకాసు ‘మొదట తలెత్తిన’ అన్న మాటలో ఉంది. కాలుష్యం రోజూ జరుగుతూనే ఉంది కదా, గడువు ఎప్పటికప్పుడు కొత్తగా మొదలవుతుందని రైతులు అనుకుంటారు. చట్టం మాత్రం కారణం మొదట తలెత్తిన రోజు నుంచి లెక్కపెడుతుంది. పరిహారం, పునరుద్ధరణ కోరే 15వ సెక్షన్‌కు 5 ఏళ్లు, పైన 60 రోజులు. కాబట్టి ఆలస్యంగా వచ్చిన ఊరివాళ్లకు 15వ సెక్షనే దారి. పరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలు, అడిగితే ఆ మొత్తంలో 1 శాతం. కోటి అడిగితే లక్ష కట్టాలన్నమాట. ‘ఎంత ఎక్కువ అడిగితే అంత మంచిది’ అన్న సలహా ఇక్కడ పనికిరాదు.

అప్పీళ్లకు 30 రోజులు, పైన 60. ఇక్కడే అనుభవజ్ఞులు కూడా కాలు జారే చోటుంది. నీటి చట్టం 33-ఎ కింద ఇచ్చిన మూసివేత ఉత్తర్వు మీద 33-బి ప్రకారం నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వాయు చట్టంలో అంత సూటి దారి లేదు. పీసీబీ ఇవ్వాల్సిన పర్మిషన్ నిరాకరణ మీదైతే ముందు రాష్ట్ర అప్పీలు అథారిటీకి వెళ్లాలి, మధ్య మెట్టు దాటి పైకి దూకకూడదు. తూత్తుకుడి రాగి కర్మాగారం కేసులో 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ట్రిబ్యునల్ ఉత్తర్వును కొట్టేసింది కాలుష్యం ఉందా లేదా అన్నదాని మీద కాదు, ఆ అప్పీలు అసలు అక్కడ నిలుస్తుందా అన్న ప్రశ్న మీద. మన జిల్లాల్లో వచ్చే ఉత్తర్వుల్లో తరచూ రెండు చట్టాల సెక్షన్లూ కలిపి రాసేస్తారు. ఉత్తర్వు అందగానే మొదట చూడాల్సింది జరిమానా అంకె కాదు, పైన ఏ సెక్షన్ రాశారన్నది.

వాణిజ్యం వైపు గడువులు ఇంకా కఠినం. 2015 వాణిజ్య కోర్టుల చట్టాన్ని 2018లో సవరించాక 3 లక్షలు, అంతకుమించిన విలువ ఉన్న వాణిజ్య తగాదా ఏదైనా ఆ చట్టం కిందికి వస్తుంది. దావా వేయకముందే 12-ఎ సెక్షన్ ప్రకారం న్యాయసేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వానికి దరఖాస్తు పెట్టాలి, ఫీజు వెయ్యి రూపాయలు. ఎదుటివాడు రాకపోతే ‘మొదలుకాలేదు’ అని నివేదిక ఇస్తారు, అది జతచేసి దావా వేయాలి. అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరితేనే మినహాయింపు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ మెట్టు తప్పనిసరి అని తేల్చింది. ఆ నెల 20వ తేదీ నుంచి ఇది దాటవేసిన దావాలు తిరస్కరణకు గురవుతాయి. సరే, ఉత్తినే ఒక ఇంజంక్షన్ అర్జీ తగిలించి తప్పించుకోవచ్చు కదా అంటే, ఆ అర్జీ నిజమైనదా, ముసుగా అన్నది కోర్టు చూడాలని 2023లో వచ్చిన తీర్పు చెబుతోంది. ప్రతివాదికి జవాబు దాఖలుకు 30 రోజులు, ఎంత బతిమాలినా 120. తర్వాత హక్కే పోతుంది. మామూలు మున్సిఫ్ కోర్టులో ఏళ్లతరబడి వాయిదాలు తీసుకున్న అలవాటుతో వాణిజ్య కోర్టుకు వచ్చే లాయర్లకు ఇది తగిలేసరికి ఆలస్యమైపోతుంది.

చెక్కు కేసు లెక్క అందరికీ కంఠతా వచ్చినట్టే ఉంటుంది, అయినా తప్పుతారు. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక 15 రోజులు, ఆపైన నెలలోగా ఫిర్యాదు. ఆక్వా వ్యాపారి ‘వారంలో మళ్లీ వేసుకోండి’ అని అంటూ ఆ మొదటి 30 రోజులు కరిగించేస్తాడు. చెల్లుబాటు కాలంలో మళ్లీ బ్యాంకులో వేస్తే కొత్త మెమోతో కొత్త లెక్క మొదలవుతుంది కనుక చెక్కు తేదీ నుంచి 3 నెలలు దాటకుండా చూసుకోవాలి.

సీసా కథ

పర్యావరణ కేసులో అసలు సాక్షి నీటి సీసా. డెల్టాలో ఆ సీసా నింపడం పైకి కనిపించేంత తేలిక కాదు. సముద్రం దగ్గరి డ్రెయిన్లు, ఉప్పుటేరులాంటివి, పోటుకు వెనక్కి పారుతాయి. పోటు సమయంలో యూనిట్ తూము దగ్గర తీసిన నీరు సముద్రపు నీరే కావచ్చు. ఆటు మొదలై డ్రెయిన్ బయటికి పారుతున్నప్పుడు తీయాలి. తూముకు ఎగువన ఒకటి, తూము నోటి దగ్గర ఒకటి, దిగువన కొంత దూరంలో ఒకటి, కనీసం మూడు ఉండాలి. ఎగువ సీసా లేకపోతే ‘పైనుంచే మురుగు వస్తోంది, మాదేం లేదు’ అన్న జవాబుకు తిరుగులేదు. కరిగిన ఆక్సిజన్ కొలవాలంటే అక్కడికక్కడే రసాయనాలు వేసి స్థిరపరచాలి. బీఓడీ (మురుగు కుళ్లడానికి నీటిలో ఖర్చయ్యే ఆక్సిజన్) సీసాను ఐసుపెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి వీలైనంత త్వరగా ల్యాబ్‌కు చేర్చాలి. ఎర్రటి ఎండలో మోటారు సైకిల్ సంచిలో సగం రోజు తిరిగిన సీసా అంకె ఏ పక్షానికీ పనికిరాదు.

పీసీబీ తీసే శాంపిలుకు నీటి చట్టం 21వ సెక్షన్ ఒక పద్ధతి పెట్టింది. యూనిట్ వారికి నోటీసు ఇవ్వాలి, వారి ఎదుటే శాంపిలును రెండు భాగాలు చేయాలి, రెండింటికీ సీలు వేసి ఇద్దరూ సంతకాలు చేయాలి, యజమాని కోరితే రెండో భాగం కూడా గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పోవాలి. యూనిట్ తరఫు లాయరు మొట్టమొదట వెతికేది ఈ పంచనామాలోని సంతకాలనే. ఊరివాళ్లు స్వయంగా తీయించిన శాంపిలుకు ఆ పద్ధతి బలం ఉండదు. అయినా సివిల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం ట్రిబ్యునల్‌ను కట్టిపడేయవు కనుక, దాన్ని రుజువుగా కాక సంయుక్త కమిటీని పంపమని అడగడానికి ఆధారంగా వాడుకోవాలి.

ఏ కొలతతో పోల్చాలన్నదీ చూసుకోవాలి. పరిశ్రమల మురుగు నీటివనరుల్లోకి వదలడానికి సాధారణ బీఓడీ పరిమితి లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ (రసాయనాలతో కొలిచే ఆక్సిజన్ అవసరం) 250. తీర ఆక్వా చెరువుల నీటికి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ప్రమాణాలు వేరు: సముద్రంలోకైతే బీఓడీ 50, క్రీకులోకైతే 20. ప్రాసెసింగ్ షెడ్డు కేసులో చెరువుల ప్రమాణం చూపించి, చెరువు కేసులో షెడ్డు ప్రమాణం చూపించి పిటిషన్లు వేసేవారున్నారు. చట్టం ఎంపికలోనూ ఇదే పొరపాటు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీని పెట్టిన 2005 నాటి కేంద్ర చట్టం తీరప్రాంతంలో ఉప్పునీటి సాగుకు. ఉండి, ఆకివీడు వైపు లోపల మంచినీటి చెరువుల మీద దాన్ని ప్రయోగిస్తే మొదటి వాయిదాలోనే ఆగిపోతుంది. అక్కడికి 2020 నాటి రాష్ట్ర ఆక్వా అభివృద్ధి అథారిటీ చట్టం ఉంది. కొల్లేరు మరీ చిత్రం. 1999లో ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) దాకా 308.55 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. కానీ వన్యప్రాణి చట్టం హరిత ట్రిబ్యునల్ పరిధి పట్టికలో లేదు. సరస్సులో చెరువుగట్టు వేశారన్న ఫిర్యాదు ఒక దారి, ఆ చెరువునుంచి మురుగు వదిలారన్నది ఇంకో దారి.

ఉప్పు కేసులు అన్నిటికంటే కష్టం. రొయ్యల చెరువు పక్కన వరిచేను చౌడు తేలిందని రైతు అంటాడు. అది పాత సముద్రపు నేలే, కాలువ చివరి భూమి కనుక మంచినీరు అందక ఉప్పు పైకి వచ్చిందని చెరువు యజమాని అంటాడు. డెల్టా మట్టిలో రెండూ సాధ్యమే. కాబట్టి ఒక్క చోటి మట్టి పరీక్ష ఏమీ తేల్చదు. చెరువుగట్టు నుంచి 10, 50, 100 మీటర్ల దూరాల్లో, ఒకే లోతున, సార్వా నాట్లకు ముందు ఒకసారి, దాళ్వా కోతల తర్వాత ఒకసారి తీస్తే ఉప్పు చెరువువైపు నుంచి తగ్గుతూ వస్తోందా అన్నది కనిపిస్తుంది. సంతృప్త మట్టిసారంలో విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే చౌడుగా లెక్క, వరి అంతకంటే ముందే దెబ్బతింటుంది. బావినీటికైతే తాగునీటి ప్రమాణంలో కరిగిన లవణాలు 500, వేరే దిక్కు లేనప్పుడు 2000 మిల్లీగ్రాముల దాకా. చెరువు తవ్వకముందు నాటి రిపోర్టు ఒక్కటి దొరికినా కేసు సగం నిలబడుతుంది. వ్యవసాయ శాఖ ఇచ్చిన పాత భూసార కార్డులు ఇంట్లో దూలం మీద పెట్టెలో ఉన్నాయేమో అడగని లాయరు చాలా పోగొట్టుకుంటాడు.

జరిమానా లెక్క కూడా లాయరే వేసుకుని చూడాలి. కేంద్ర పీసీబీ సూత్రంలో కాలుష్య సూచిక, ఉల్లంఘన రోజులు, రూపాయి గుణకం, యూనిట్ పరిమాణం, స్థలం అనే అయిదు గుణించుకోవాలి. మధ్యస్థ కాలుష్యం ఉన్న పరిశ్రమల ఆరెంజ్ వర్గానికి సూచిక 50, గుణకం సాధారణంగా 250, చిన్న యూనిట్‌కు 0.5, పది లక్షల లోపు జనాభా ఉన్న చోటుకు 1. అంటే రోజుకు 6,250 రూపాయలు, 45 రోజులకు 2,81,250. ఎక్కువ కేసుల్లో అసలు కొట్లాట రోజుల మీదే. తనిఖీ రోజు నుంచి లెక్కించాలా, పర్మిషన్ గడువు తీరిన నాటి నుంచా, మళ్లీ తనిఖీ చేసి సరిచూసిన రోజు దాకానా? ప్లాంటు బాగుచేశాక అదే రోజు పీసీబీకి రాతపూర్వకంగా తెలియజేయని యూనిట్, అధికారి మళ్లీ వచ్చేదాకా ప్రతి రోజుకూ డబ్బు కడుతుంది. ఇలా నష్టపరిహారం విధించే అధికారం పీసీబీలకు ఉందని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కేసులో చెప్పింది, అయితే అందుకు నియమాలు ఉండాలంది.

వంద రూపాయల కాగితం

డెల్టాలో వాణిజ్య కేసుల బలహీనత కాగితంలో మొదలవుతుంది. చెరువు లీజు మూడేళ్లకో అయిదేళ్లకో రాసుకుంటారు, వంద రూపాయల స్టాంపు మీద, ఇద్దరు సాక్షులతో, రిజిస్ట్రేషన్ లేకుండా. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయాల్సిందే. చేయకపోతే దానిలోని షరతుల్ని అమలు చేయమని అడగలేరు. స్టాంపు తక్కువైతే లోటుతోపాటు పదింతల దాకా అపరాధ రుసుము కట్టేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. లీజు కాగితం తెచ్చిన కక్షిదారుకు ఈ సంగతి చెప్పడమే మొదటి సలహా కావాలి. చెరువు లీజు తగాదా వాణిజ్య కోర్టుకు వస్తుందా అన్నది ఇంకో చిక్కు. వ్యాపారానికే వాడుతున్న స్థిరాస్తి మీద ఒప్పందమైతేనే వస్తుందని, వాడబోయేదైతే చాలదని 2019లో తీర్పు ఉంది.

చెరువులో రొయ్యలు పట్టే రోజు జరిగే లావాదేవీకి అసలు కాగితమే ఉండదు. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత, ధర ఎంత, ఐసు తరుగు ఎంత అన్నీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలే. వీటిని కోర్టులో పెట్టాలంటే 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువతో సహా. ఫోను మార్చేసి, పాతది మేనల్లుడికి ఇచ్చేశాక లాయరు దగ్గరికి వచ్చే రైతుకు ఏమీ చేయలేం. మేత డీలరు ఖాతా కేసుల్లో గడువు 3 ఏళ్లు. బాకీదారు సంతకంతో ఖాతా ఒప్పుకోలు ఆ గడువులోపల తీసుకుంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది, దాటాక తీసుకున్న సంతకం వేరే సంగతి. సరుకు అమ్మిన చిన్న యూనిట్లకు 2006 ఎంఎస్ఎంఈ చట్టం దావాకంటే వేగం: 45 రోజులు దాటిన బాకీ మీద బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, తీర్పును సవాలు చేయాలంటే ఎదుటివాడు ముందు 75 శాతం కట్టాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్ల ప్రభుత్వ నమోదు) సరుకు అమ్మకముందే ఉండటం మంచిది.

బ్యాంకు వైపు ఒక ప్రశ్న డెల్టాకే ప్రత్యేకం. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. మరి రొయ్యల చెరువు వ్యవసాయ భూమేనా? రెవెన్యూ రికార్డులో మాట ఒక్కటే చాలదు, వాస్తవంగా సాగు జరుగుతోందని రుణం తీసుకున్నవాడే రుజువు చేయాలని 2023లో సుప్రీంకోర్టు అన్నది. బ్యాంకు స్వాధీన చర్య మీద డీఆర్‌టీకి వెళ్లడానికి 45 రోజులే. అడంగల్ నకలు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేలోపు ఆ రోజులు అయిపోతాయి.

పెద్ద మొత్తాల కేసులు ఇక్కడ పుట్టి వేరే ఊళ్లో నడుస్తాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒక బ్లాకు గ్యాస్ పక్క బ్లాకులోకి వలసపోయిందన్న వివాదంలో ఆర్బిట్రేషన్ తీర్పు 2018లో కాంట్రాక్టరు వైపు వచ్చింది, 2023లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య బెంచి సమర్థించింది, 2025 ఫిబ్రవరిలో డివిజన్ బెంచి కొట్టేసింది. కాకినాడ బార్‌లో కూర్చున్నవారికి ఆ ఫైలు రాదు. కానీ ఒడ్డున గ్యాస్ బావులకు మట్టి తోలే కాంట్రాక్టరు, లారీలు తిప్పే యజమాని కాగితాల్లో అవే ఆర్బిట్రేషన్ షరతులుంటాయి. తీర్పు సవాలుకు 3 నెలలు, పైన 30 రోజులే అన్న ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ వారికీ అంతే. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలినప్పటిలాంటి సందర్భాల్లో మాత్రం ఒప్పందం మాటే రాదు. ప్రమాదకర పరిశ్రమకు తప్పుతో నిమిత్తం లేని బాధ్యత ఉంటుందని 1986 డిసెంబరులో ఢిల్లీ ఓలియం గ్యాస్ లీకు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెప్పినది నేరుగా వర్తిస్తుంది.

వృత్తిలో నిలదొక్కుకోవడం

దారి మామూలే: ఇంటరు తర్వాత అయిదేళ్లు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్ల లా. భీమవరంలో, ఏలూరులో కాలేజీలున్నాయి. నమోదు ఫీజు చట్టంలో ఉన్న 750కి మించి వసూలు చేయరాదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష. మొదటి మూడు నాలుగేళ్లు చెక్కులు, ప్రోనోట్లు, ఇంజంక్షన్లతోనే గడుస్తాయి. అది వృథా కాదు. ఖాతా పుస్తకం చదవడం, సాక్షిని నిలదీయడం అక్కడే వస్తాయి. దాని పక్కన నేర్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: ల్యాబ్ రిపోర్టు చదవడం, ఎఫ్ఎంబీ (సర్వే కొలతల) పటంలో డ్రెయిన్ పోరంబోకు గుర్తుపట్టడం, పర్మిషన్ కాగితంలో షరతుల పట్టిక వరసగా చూడటం. ఇరిగేషన్ శాఖ లాకు రిజిస్టరులో ఏ రోజు నీరు ఎంత వదిలారో రాసి ఉంటుంది, సమాచార హక్కు కింద అడిగితే ఇస్తారు. ఉప్పు కేసులో ఆ ఒక్క కాగితం నిపుణుడి అఫిడవిట్‌కు సమానం. చెన్నై బెంచిలో వీడియో విచారణలు వచ్చాక భీమవరం నుంచే వాదించడం సాధ్యమైంది. వాదన అక్కడ, శాంపిలు ఇక్కడ అన్న ఈ విభజన జిల్లా లాయరుకే లాభం.

ఇబ్బంది ఇంకోచోట ఉంది. డెల్టా చిన్నది. చెరువు యజమాని, దిగువ రైతు, మేత డీలరు ముగ్గురూ ఒకే ఊరివాళ్లు, ఇద్దరు వియ్యంకులు కూడా కావచ్చు. బ్యాంకు ప్యానెల్లో ఉన్న లాయరు దగ్గరికే రుణగ్రస్తుడి తమ్ముడు సలహాకు వస్తాడు. ఒకే తగాదాలో ఒక పక్షానికి సలహా ఇచ్చినవాడు రెండో పక్షాన నిలబడరాదని బార్ కౌన్సిల్ నియమం. టీ తాగుతూ ఇచ్చిన సలహా కూడా సలహాయే. ఎవరు వచ్చారో, ఏం అడిగారో తేదీతో డైరీలో రాసుకోవడం తప్ప దీనికి మందు లేదు. ఊరంతా కలిసి వచ్చి ‘పరిహారంలో నాలుగో వంతు మీది’ అన్నప్పుడూ అంతే. గెలుపు మీద వాటా మాట్లాడుకోవడం మన దేశంలో వృత్తి నియమాలకు విరుద్ధం. ఫీజు దశలవారీగా, దాఖలుకు ఇంత, విచారణకు ఇంత అని ముందే రాసుకోవాలి. శాంపిలు, ప్రయాణం ఖర్చులు విడిగా, ఊరి సంఘం తీర్మానం మీద, రసీదుతో.

ఉత్తర్వు వచ్చాక ఎక్కువమంది ఫైలు కట్టేస్తారు. హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వును 25వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయించుకోవచ్చు. పర్యావరణ నష్టానికి వేసిన సొమ్ము మాత్రం రైతు చేతికి రాదు, పర్యావరణ సహాయ నిధికి జమవుతుంది. రైతు పంటనష్టం అందులో కలిసిపోకుండా ఉండాలంటే దరఖాస్తులోనే ఎవరికి ఎన్ని సెంట్లు, ఏ సర్వే నంబరు, ఏ సీజను అని పేరుపేరునా పట్టిక వేసి విడిగా అడిగి ఉండాలి.